లూడోకి ఆవాజ్ వచ్చినాక

ఫోన్లో లూడో వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఎవరికీ అది లూడో అనిపించలేదు. గోటీలు ఉన్నాయి, నాలుగు రంగుల ఘర్లు ఉన్నాయి, ఛక్కా పడితేనే గోటీ బయటికి రావాలన్న ఖాయిదా ఉంది. మనుషుల గొంతులే లేవు. మా చిన్నప్పుడు లూడో పరిచారంటే గల్లీ చివరిదాకా వినిపించేది. పాసా దస్తీ కిందికి దొర్లిందనీ, అది పంజా కాదు ఛక్కా అనీ, నువ్వు బేమానీ చేశావనీ, ఖసమ్ తిని చెప్తున్నా చెయ్యలేదనీ. ఆట అరగంట, ఝగ్డా గంట. మా నానీ ఇంట్లో అయితే బట్ట మీద కుట్టిన పచ్చీసు ఉండేది, గవ్వలతో ఆడేవాళ్లు. తెలుగు ఇళ్లలో అష్టాచెమ్మా ఎలాగో మాకు అది అలాగ. అక్కడా అంతే, గవ్వల చప్పుడు కన్నా ఆడవాళ్ల నవ్వులే ఎక్కువ.

2016లో ముంబై వైపు కంపెనీ ఒకటి, గేమేషన్ దాని పేరు, వికాస్ జైస్వాల్ అనే ఆయనది, లూడో కింగ్‌ని తెచ్చింది. దాంతో ఝగ్డా మొత్తం పోయింది. పాసా యంత్రమే వేస్తుంది, లెక్క యంత్రమే పెడుతుంది, ఇక బేమానీకి జాగా ఎక్కడ? (అయినా మనవాళ్లు ఊరుకోలేదు. ఎదుటివాళ్లకే ఛక్కాలు పడేలా ఆ యంత్రంలో ఏదో పెట్టారని మా ఆపా ఈ రోజుకీ నమ్ముతుంది.) 2020 లాక్‌డౌన్‌లో దేశంలో సగం మంది ఆ ఆట మీదే పడ్డారు. ఆ ఏడాదే అందులో వాయిస్ చాట్ పెట్టారు. నాలుగేళ్ల పాత ఆట, కోట్లమంది మూగగా ఆడటానికి అలవాటు పడిన ఆట, ఒక్క అప్‌డేట్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, మణికొండలో మేముండే అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఒక తమ్ముడు ఉంటాడు. ఆటలు తయారుచేసే కంపెనీలో నౌకరీ. వాళ్ల దగ్గర ఒక పాత ఆట ఉందట. నలుగురు నలుగురు జట్టుగా ఆడేది, ఇన్నేళ్లూ అందులో మాట లేదు. దానికి వాయిస్ చాట్ పెట్టాలా వద్దా అని ఆఫీసులో బహస్ నడుస్తోంది. లిఫ్టు దగ్గర ఆపి అడిగాడు, "అన్నా, మీరు జర్నలిస్టు కదా, ఏమంటారు?" అని. మూడు అంతస్తులు దిగేలోపు చెప్పే జవాబు కాదు నాది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు పెట్టాలనే వైపు మాట్లాడతా. ఆ వైపు మా అమ్మీ ఉంది.

అమ్మీకి ఉర్దూ చదవడం బ్రహ్మాండంగా వచ్చు. సియాసత్ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలదు. ఇంగ్లీషు రాదు. తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు రావు. ఆటలో ఎదుటివాళ్లకు పంపడానికి రెడీగా పెట్టిన ఇంగ్లీషు మాటలు ఆమెకు గోడ మీది గీతల్లాంటివి. 2020లో ఆమె మణికొండలో నా దగ్గర, ఆపా మెహిదీపట్నంలో, చిన్న తమ్ముడు రియాద్‌లో ఒక గోదాములో. మార్చి 25 నుంచి ఎక్కడివాళ్లం అక్కడే. రాత్రి ఇక్కడ 10 అయితే అక్కడ ఏడున్నర, వాడు డ్యూటీ దిగి వచ్చే వేళ. కోడ్ పంపుకుని మా వరకే ఒక గది పెట్టుకుని ఆడేవాళ్లం. మాటల కోసం ఇంకో ఫోన్లో వాట్సాప్ కాల్, స్పీకర్ పెట్టి. ఇంట్లో ఉన్నదే రెండు ఫోన్లు. ఒకటి పిల్లాడి ఆన్‌లైన్ క్లాసులకని తీసిపెట్టింది. వాడికి పరీక్ష ఉన్న రాత్రి అమ్మీకి ఖామోష్ లూడోనే గతి. బొమ్మలు పంపేది, అంతే. నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ, మళ్లీ నవ్వే బొమ్మ.

ఆటలోకే గొంతు వచ్చిన రాత్రి ఆమె అన్న మొదటి మాట నాకు బాగా గుర్తు. తమ్ముడు ఆమె గోటీని చంపాడు. "మేరీచ్ గోటీ దిఖీ క్యా రే తెరెకు, కమ్‌బఖ్త్!" అని అరిచింది. రియాద్ నుంచి వాడి నవ్వు. మెహిదీపట్నం నుంచి ఆపా, "ఔర్ మార్, ఔర్ మార్" అని.

మీరనొచ్చు, కాల్ చేసి మాట్లాడుకుంటే పోలేదా, దానికి ఆట ఎందుకని. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. కాల్‌లో మాటలు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. సలామ్, ఖైరియత్, తిన్నావా, ఎండలు ఎట్లున్నయి, పైసలు అందినయి. ఆ తర్వాత రెండువైపులా ఏం చెప్పాలో తెలీదు. "సరే మరి, పెట్టేస్తా" అని ఎవరో ఒకరు అనాలి. ఆటలో ఆ ఇబ్బంది లేదు. పాసా వంతు వచ్చేదాకా ఊరికే ఉండొచ్చు. ఆ ఊరికే ఉన్నప్పుడే అసలు సంగతులు వినపడతాయి. వాడి గదిలో ఏసీ మోత, పక్క మంచం మీది కేరళ మనిషి ఉల్లిపాయలు అడగటం, వాడు దగ్గటం. ఒక రాత్రి ఆట అయ్యాక అమ్మీ నాతో అంది, "వాడు గెలుస్తున్నా నవ్వడం లేదు. ఏదో ఉంది, అడుగు." అడిగాను. మూడు నెలల నుంచి సగం జీతమే వస్తోంది, మాకు చెప్పకుండా ఎవరి దగ్గరో ఖర్జ్ తీసి ఇంటికి పూర్తి పైసలు పంపుతున్నాడు. కాల్‌లో వాడు "అంతా ఖైరియత్" అనే అన్నాడు, ఆ మూడు నెలలూ. లూడో దగ్గర గొంతు దాచుకోవడం రాలేదు వాడికి.

కాబట్టి ఆటలో మాట అక్కర్లేదని నేననను. ఆ తమ్ముడి ఆఫీసులో కొందరు అంటున్నారట, "డిస్కార్డ్ ఉంది కదా, కావలసినవాళ్లు అది పెట్టుకుంటారు, మనకెందుకు" అని. డిస్కార్డ్ 2015 నుంచి ఉంది, మణికొండ హాస్టళ్లలో పిల్లలందరి ఫోన్లలో ఉంటుంది, సరే. వేరే యాప్ దించుకుని, ఖాతా తెరిచి, ఆట వెనక దాన్ని నడిపించుకోవడం వచ్చినవాళ్లకి ఆటలో బటన్ పెట్టినా పెట్టకపోయినా ఫరక్ లేదు. ఫరక్ పడేది మా అమ్మీకి. ఈ ముచ్చట కొత్తది కూడా కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చింది, దాంట్లో సొంత వాయిస్ చాట్ 2007లో పెట్టారు. అప్పటికే జట్లు కట్టి ఆడేవాళ్లంతా వెంట్రిలో, టీమ్‌స్పీక్ లాంటి బయటి ప్రోగ్రాములకు అలవాటుపడి ఉన్నారు, వాళ్లు దీనివైపు పెద్దగా చూడలేదు. రోజూ ఆడేవాళ్లని లెక్కపెట్టి "ఎవరికీ అక్కర్లేదు" అని తేల్చడం తేలిక. మాట లేక ఆట వదిలేసి పోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు.

దీనికి అయ్యే ఖర్చు కూడా కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ఆఫీసు బహస్‌లో సగం దాని గురించేనట. లూడోలో ఒక వంతు అంటే ఎంత? పాసాలో ఏ అంకె పడింది, ఏ గోటీ కదిలింది. పది పన్నెండు అక్షరాలంత సమాచారం. అదే గొంతు పంపాలంటే, 2012లో ప్రమాణంగా ఒప్పుకున్న ఓపస్ అనే పద్ధతిలో బాగా కుదించి పంపినా, సెకనుకి 24 కిలోబిట్లు పెట్టుకుందాం, అంటే 3 కిలోబైట్లు. నిమిషానికి 180. నలభై నిమిషాల ఆటలో ఒక్క మనిషి గొంతుకి 7 ఎంబీ దాటుతుంది. ముగ్గురి గొంతులు వినాలంటే ఇరవై పైన. ఆట మొత్తం కలిపినా అందులో వందో వంతు ఉండదు. పాత ఆటకి ఈ బరువు కట్టడమంటే సర్వర్లు పెంచాలి, పాత ఫోన్లలో ఆగిపోకుండా చూడాలి, ఒకే ఇంట్లో ఇద్దరు ఆడుతుంటే ఒక ఫోన్ గొంతు ఇంకో ఫోన్లో దూరి గూంజ్ కొట్టకుండా ఆపాలి. మా ఇంట్లో నేనూ అమ్మీ ఒకే తఖ్తా మీద కూర్చుని ఆడితే ఫోన్లు రెండూ నక్కల్లా ఊళ పెట్టేవి. చివరికి నన్ను వంటింట్లోకి తోలేసింది. ఇవన్నీ పైసలతో, ఇంజనీర్లతో అయ్యే పనులు. అయిపోతాయి. నా ఫికర్ వాటి గురించి కాదు.

నా ఫికర్ మా భాంజీ గురించి. ఆపా కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. ఆమె ఆడేది లూడో కాదు, జట్టుగా ఆడే తుపాకుల ఆట ఒకటి. పేరు చెప్పను. బాగా ఆడుతుందని ఆమె తమ్ముడే ఒప్పుకుంటాడు, తమ్ముళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఆటలో ఆమె పేరు మగపిల్లాడి పేరు. మైక్ ఎప్పుడూ బంద్. మొదటి వారంలో ఒకసారి తెరిచిందట, ఎడమవైపు ఇంట్లో ఎవరో ఉన్నారని చెప్పడానికి. ఒక్క మాట. ఆ తర్వాత మ్యాచ్ అయ్యేదాకా జట్టులో మిగతా ముగ్గురూ ఆట సంగతి వదిలేశారు. నంబర్ అడిగినవాడు ఒకడు, వంటింటికి పొమ్మన్నవాడు ఇంకొకడు. మూడోవాడు ఏమన్నాడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆమె తమ్ముడిది ఇంకో కథ. తొమ్మిదో తరగతి. ఎవరో ఏదో అడిగితే "హౌ" అన్నాడు, "నక్కో" అన్నాడు. మన దక్కనీలో పిల్లాడు ఇంకేమంటాడు? "ఓల్డ్ సిటీ బ్యాచా?" అని నవ్వారు. ఆ తర్వాత పేరు అడిగారు. వాడు చెప్పాడు. అక్కడి నుంచి నడిచిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. అంతలో మగ్‌రిబ్ అజాన్ అయింది, వాడి మైక్ తెరిచే ఉంది, అది కూడా వాళ్లకు వినపడింది. దాని మీద ఇంకో విడత. పిల్లాడు ఫోన్ పక్కన పెట్టి రెండు రోజులు దాని జోలికి పోలేదు.

గొంతు అనేది ఆధార్ కార్డు కన్నా ఎక్కువ చెబుతుంది. కార్డు మీద పేరూ పుట్టిన తేదీ ఉంటాయి. గొంతులో ఆడా మగా, వయసు, ఊరు, చదువు, మజ్‌హబ్, వెనక ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ప్రెషర్ కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసింది, అన్నీ ఉంటాయి. ఇది నాకు ఆటలు నేర్పిన సంగతి కాదు. నేను చదివింది ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నా. నా నోట ళకారం మెత్తబడి లకారంలా వినిపించేది. పద్యంలో నాయిక కళ్లు వచ్చినప్పుడల్లా క్లాసు అంతా నా వైపు తిరిగి కల్లు ఎక్కడ దొరుకుతుందని అడిగేది. మూడేళ్లు ఆ ళ మీద కష్టపడ్డాను, కసిగా. ఇప్పుడు ఫోన్లో నా తెలుగు విన్నవాళ్లు మీది గోదావరి వైపా అని అడుగుతారు.

మణికొండలో ఇల్లు వెతికినప్పుడు ఈ లెహజా నాకు ఎంతవరకు పనికొచ్చిందో చెప్తా. టు-లెట్ బోర్డు మీది నంబర్‌కి ఫోన్ చేస్తే ఓనర్లు చాలా మర్యాదగా మాట్లాడేవాళ్లు. "రండి సార్, ఫ్యామిలీయే కదా, వచ్చి చూసుకోండి" అని. పేరు చెప్పగానే లైన్ మీద చిన్న ఆగడం. "ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి పోయారండి." ఇలా నాలుగు ఇళ్లు. ఐదో ఆయన పేరు విని కూడా "తొందరగా రండి, నేను డ్యూటీకి పోవాలి" అన్నాడు, ఆయన ఇంట్లోనే ఉంటున్నాం. నా గొంతు నన్ను దాచింది, పేరు పట్టించింది. ఆటలో మా పిల్లలది దీనికి ఉల్టా. పేరు దాచిపెడుతుంది, గొంతు పట్టిస్తుంది. పేరు మార్చుకోవచ్చు, సెట్టింగ్స్‌లో అర నిమిషం పని. గొంతు మార్చుకోవడానికి మూడేళ్లు పడుతుందని నేను సాక్షి చెప్పగలను.

ఇది ముసల్మానుల గోల అనుకుని పక్కకు పోకండి. మర్రిచెట్టు దగ్గర టీ బండి ముందు రాత్రి పూట నిలబడి చూడండి. ఆర్డర్ కోసం ఆగిన డెలివరీ పిల్లలు, షిఫ్టు దిగిన పిల్లలు, హాస్టల్ పిల్లలు, అందరి చెవుల్లో ఒక బడ్, చేతిలో ఆట. శ్రీకాకుళం పిల్లాడు నోరు తెరిస్తే వాడి యాసని వాడికే తిప్పి చెప్పేవాళ్లు ఉన్నారు. అనంతపురం పిల్లాడిని ఇంకోలాగా. తెలంగాణ యాసని మన సినిమాలు ఎన్నేళ్లు రౌడీలకీ జోకర్లకీ అంటగట్టాయో మీకు నేను చెప్పాలా? యాస వినగానే మనిషికి ఒక గది కేటాయించి తాళం వేయడం మనకు ఆటలు రాకముందే వచ్చు. వాయిస్ చాట్ ఆ విద్యకి ఒక కొత్త మైదానం ఇస్తుంది, అంతే.

ఆట మూగగా ఉన్నన్నాళ్లు ఇవేవీ అక్కడ లేవు. శ్రీకాకుళం పిల్లాడూ, మా భాంజీ, నోయిడాలో ఎవరో, ఢాకాలో ఎవరో, నలుగురూ ఒక జట్టు. బాగా ఆడితే బాగా ఆడినట్టు. ఆ ఖామోషీ కొందరికి పర్దాలాగా పనికొచ్చింది. నేను మా నానీల పర్దాని వెనకేసుకు రావడం లేదు. ఎప్పుడు తీయాలో తామే తేల్చుకునే పర్దా వేరు, ఎవరో వచ్చి లాగేసేది వేరు. పాత ఆటకి గొంతు పెట్టేటప్పుడు కంపెనీలు మర్చిపోయేది ఇదే. కొత్త ఆటలో చేరేవాడికి అక్కడ మైక్ ఉంటుందని ముందే తెలుసు. పాత ఆటలో ఉన్నవాళ్లలో ఎంతోమంది అక్కడ మాట లేదనే అక్కడికి వచ్చి ఉంటారు.

"మ్యూట్ బటన్ ఉంది కదా అన్నా" అంటాడు మా తమ్ముడు. ఉంది. అది తిట్టు విన్నాక నొక్కేది. పైగా మ్యూట్ చేసినవాడు జట్టులో చెవిటివాడవుతాడు, ఓడితే నింద వాడి మీదే. ఇంకో మాట కూడా అంటారు, జట్టు ఆటలో మాట లేకపోతే గెలవలేమని. ఇందులో నిజం ఉంది. శత్రువు ఎక్కడున్నాడో చెప్పాలి, మందు కావాలని అడగాలి. 2001లో కౌంటర్ స్ట్రైక్‌లోకి వాయిస్ వచ్చింది ఇందుకే. (టోలీచౌకీ నెట్ సెంటర్లలో మా దోస్తులకి ఆ మైక్ కూడా అక్కర్లేదు, ఈ క్యాబిన్ నుంచి ఆ క్యాబిన్‌కి అరుచుకునేవాళ్లు. ఓనర్ వచ్చి కరెంటు తీసేసేవాడు.) కానీ 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్ చూడండి. అందులో ఒక బటన్ నొక్కి ఏదైనా చూపిస్తే చాలు, "ఇక్కడ శత్రువు", "ఇక్కడ తుపాకీ", "అటు పోదాం" అని ఆటలోని పాత్రే మన బదులు పలుకుతుంది. మైక్ తెరవకుండా పూర్తిగా జట్టుతో ఆడొచ్చు. ఆ ఆట తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి మన హైదరాబాద్‌లోనే స్టూడియో ఉంది. దూరం పోయి నేర్చుకునే పని కూడా లేదు. మా భాంజీ ఆడేదీ ఇలాంటి గుర్తులతోనే, ఆ ఆటలో ఉన్న కాసిన్నింటితో. మైక్ ఉన్న మగపిల్లల కన్నా ముందే సంగతి చేరుస్తుంది.

ఇంకా పాత ముచ్చట ఒకటి. 2002లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లైవ్ మొదలుపెట్టినప్పుడు పెట్టెలోనే హెడ్‌సెట్ ఇచ్చారు. దాంట్లో గొంతు మార్చి వినిపించే సదుపాయం ఉండేది. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండా ఏదో యంత్రం గొంతులా పోయేది. తర్వాత దాన్ని తీసేశారు. అలాంటిది మళ్లీ పెడితే మైక్ తెరుస్తావా అని భాంజీని అడిగాను. కాసేపు ఆలోచించి, "వాళ్ల నోటికి బటన్ పెట్టరా మామూ, నా గొంతుకేనా?" అంది. జవాబు నా దగ్గర లేదు.

వాళ్ల నోటికి బటన్ పెట్టే ప్రయత్నాలు లేకపోలేదు. 2023లో కాల్ ఆఫ్ డ్యూటీ వాళ్లు టాక్స్‌మాడ్ అనే యంత్రాన్ని తెచ్చారు. ఆటలో గొంతులు వింటూ గాలీలని, ద్వేషాన్ని పట్టుకునేది. మొదట ఉత్తర అమెరికాలో, ఇంగ్లీషు మాటలతో. ఆ నవంబర్‌లో ప్రపంచమంతా పెడతాం, ఆసియా తప్ప అన్నారు. ఆసియా తప్ప! ఇక దక్కనీ దాకా ఎప్పుడొస్తుంది? మన దగ్గర ప్యార్‌తో అన్న "కమ్‌బఖ్త్" ఏదో, కడుపులో కత్తి పెట్టుకుని అన్న "భాయ్" ఏదో ఆ యంత్రానికి ఎవరు చెప్పాలి? మా అమ్మీ మొదటి రాత్రికే పట్టుబడేది. ఇంకో సంగతి, యంత్రం వినాలంటే గొంతుని ఎక్కడో నిలవ చేయాలి. 2023లో మన పార్లమెంటు చేసిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం ముట్టుకోవాలంటే తల్లిదండ్రుల ఇజాజత్ తీసుకోమంది. తొమ్మిదో తరగతి పిల్లాడి గొంతు, వాడి వెనక వాళ్లమ్మ గొంతు, ఇవి సమాచారం కాక మరేమిటి? మన దగ్గర ఆటల గురించి చట్టాలంటే 2017లో తెలంగాణ తెచ్చిందీ, 2025లో కేంద్రం తెచ్చిందీ, రెంటి చుట్టూ జరిగిన చర్చంతా పైసలు పెట్టి ఆడటం గురించే. పైసలు పోయినవాళ్ల సంగతి సర్కారుకి తెలిసింది. ఆటలో గొంతు పోయినవాళ్లు పోలీస్ స్టేషన్‌కి రారు.

మా పాత ఇళ్లలో బయటి మనిషి దీవాన్‌ఖానా దాటి లోపలికి వచ్చేవాడు కాదు. గడప అవతల నిలబడి సలామ్ చెప్పి ఆగేవాడు. లోపలి నుంచి పిలుపు వస్తే సరే, రాకపోతే అలాగే వెనక్కి. లోపల జనానాలో మావాళ్లు ఎంత అరుచుకున్నా ఎవరూ అడిగేవాళ్లు లేరు. ఆ ఇళ్లు కట్టిన మేస్త్రీలకి తెలిసిన సంగతి ఆటలు కట్టేవాళ్లకి తెలియకపోవడం ఏమిటి? కొందరికి తెలుసు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2009 నాటి ఆట. 2018లో అందులో గొంతు పెట్టినప్పుడు కలిసి పార్టీ కట్టుకుని వచ్చినవాళ్ల వరకే పెట్టారు. అజ్నబీలకి ఇవ్వలేదు.

కాబట్టి తమ్ముడూ, నా మాట ఇది. పెట్టండి. ముందు తెలిసినవాళ్ల గదుల్లో పెట్టండి, అక్కడ మైక్ తెరిచే ఉండనివ్వండి, మా అమ్మీలాంటి వాళ్లు వెతుక్కోకుండా. అజ్నబీలతో ఆడేచోట అది మూసి ఉండాలి, ఎవరి మైక్ వాళ్లే తెరుచుకోవాలి, అది కూడా వేలు నొక్కి ఉంచినంతసేపే మాట పోవాలి. వేలు తీస్తే ఇంట్లో అజాన్, కుక్కర్, ఆడవాళ్ల మాటలు ఇంట్లోనే ఉంటాయి. మైక్ తెరవనివాడిని జట్టులోంచి తీసేసే అధికారం ఎవరికీ ఇవ్వకండి. గొంతు పెట్టాం కదా అని చేతితో చూపించే గుర్తులని తగ్గించకండి, ఇంకా పెంచండి. ఫిర్యాదు వస్తే వినేవాళ్లలో దక్కనీ వచ్చినవాళ్లు, శ్రీకాకుళం యాస తెలిసినవాళ్లు ఉండాలి. జీతాలిచ్చి పెట్టుకోండి, మణికొండలోనే దొరుకుతారు. మీ ఆఫీసులో ఈ బహస్ తేలేముందు బల్ల చుట్టూ ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి నాకు చెప్పు.

ఇంకొకటి చిన్నది. ఆ బటన్ మీద అక్షరాలు రాయకండి, ఏ భాషలోనూ. బొమ్మ చాలు. తమ్ముడు ఇంకా రియాద్‌లోనే ఉన్నాడు, జుమేరాత్ రాత్రి లూడో ఇప్పటికీ నడుస్తోంది. మైక్ బొమ్మని మా అమ్మీ లాల్‌టెన్ అంటుంది. లాల్‌టెన్ మీద అడ్డగీత ఉంటే బంద్, గీత లేకపోతే చాలూ. ఇది ఆమెకు మేమెవరమూ నేర్పలేదు.